పారగమ్యం అంటే రంధ్రాలున్నదనా, దాటనిచ్చేదనా?

అక్షరపథికుడు:
విజ్ఞానశాస్త్ర వ్యాసాలను సరిదిద్దుతూ ఉంటాను. నిన్న ఒక చిత్తుప్రతిలో “ఈ పొర పారగమ్యమైనది” అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. పొరలో సన్నని రంధ్రాలున్నాయని రచయిత భావమా, దానిగుండా ఏదో అవతలికి పోతుందని భావమా అన్నది ఆ వాక్యంలో తేలడం లేదు. తోటి సంపాదకులొకరు ఆ మాటను కొట్టివేసి “ఇంకే పొర” అని రాయమన్నారు. ఆ సవరణ నాకు నచ్చలేదు గాని, ఎందుకు నచ్చలేదో వెంటనే చెప్పలేకపోయాను. ఈ మాటకు సరైన అర్థమేమిటి? మామూలు పాఠకుడి కోసం రాసేటప్పుడు దీన్ని వాడవచ్చునా?

వాడుకమాట:
వాడకూడదనే నా అభిప్రాయం. సంస్కృతంలో “పారం” అంటే ఆవలి ఒడ్డు, “గమ్యం” అంటే చేరదగినది. ఆ రెండూ కలిపి ఈ మాట కట్టారు. తెలుగులో గమ్యం అంటే చేరవలసిన చోటుగా స్థిరపడిపోయింది, “పారు” అంటే ప్రవహించడం. అందువల్ల కొత్తగా చదివేవాడు దీన్ని “నీరు పారి చేరే చోటు” అని అర్థం చేసుకున్నా ఆశ్చర్యం లేదు. (ఒక విద్యార్థి నాతో సరిగ్గా అదే అన్నాడు, నిజానికి ఆ ఊహ అందంగానే ఉంది.) మనకు ఇంకడం, ఊరడం, చెమర్చడం, కారడం, వడియడం అని ఒక్కో తీరుకు ఒక్కో క్రియ ఉంది. ఇన్ని ఉండగా అరువు మాట దేనికి?

మట్టిపొర:
వాడుకమాట గారూ, మీరు చెప్పిన క్రియలన్నీ జరిగిన పనిని చెబుతున్నాయి. జరగనిచ్చే గుణాన్ని, అందులోని హెచ్చుతగ్గులను చెప్పడానికి వాటిలో ఒక్కటీ చాలదు. నేలలను పరీక్షించే పనిలో మాకు ఆ గుణమే ముఖ్యం. బంకమట్టిలో ఖాళీ జాగా సుమారు 40 నుంచి 70 శాతం దాకా ఉంటుంది. ఇసుకలో 25 నుంచి 50 శాతం. ఖాళీలు ఎక్కువగా ఉన్న బంకమట్టిలోనే నీరు ఎక్కువగా పోవాలని ఎవరికైనా తోస్తుంది. కాని ఇసుక మీద పోసిన చెంబెడు నీళ్లు చూస్తుండగానే దిగిపోతాయి, బంకమట్టి మీద పోసినవి మడుగు కట్టి నిలుస్తాయి. బంకమట్టి రేణువులు మరీ సన్నవి కావడంతో వాటి మధ్య సందులు మరీ ఇరుకుగా ఉంటాయి, ఆ ఇరుకులో నీరు రేణువులను అంటిపెట్టుకొని సులువుగా కదలదు. ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ 1856లో ప్రకటించిన, ఇసుక నింపిన గొట్టాల గుండా నీటిని పోనిచ్చిన ప్రయోగాల ఫలితాలతో ఈ ప్రవాహాన్ని లెక్కకట్టే సూత్రం వచ్చింది. మేము వాడే “డార్సీ” అనే కొలమానం ఆయన పేరుదే. ఖాళీ జాగా ఎంతన్నది సచ్ఛిద్రత, దాటనిచ్చే తీరు పారగమ్యత. ఈ రెండింటినీ ఒకే మాటతో చెబితే మా లెక్కలన్నీ తలకిందులవుతాయి.

గాలిబుడగ:
మట్టిపొర గారి మాటకు మరో రెండు వస్తువులను జోడిస్తాను. సీసా బిరడాకు వాడే బెండును కోసి భూతద్దంలో చూస్తే అంతా గదులే, ఆ గదుల నిండా గాలే. అయినా గదులన్నీ మూసి ఉన్నందువల్ల సీసాలోని ద్రవం బయటికి రాదు. రబ్బరు బుడగకు కంటికి కనిపించే రంధ్రమేదీ ఉండదు. హీలియం నింపి, మూతి గట్టిగా ముడివేసి రాత్రి పైకప్పుకు వదిలిన బుడగ తెల్లవారేసరికి ముడి బిగువుగానే ఉండగా, తోలు ముడతలు పడి నేలకు దిగి ఉంటుంది. హీలియం రబ్బరు అణువుల సందుల్లోంచే బయటపడింది. ఒకచోట రంధ్రాలున్నా దారి లేదు, మరొకచోట రంధ్రం లేకున్నా దారి ఉంది. కనుక పారగమ్యాన్ని “రంధ్రాలున్నది” అని వివరించే నిఘంటువు పాఠకుడిని తప్పుదారి పట్టించినట్లే.

వాడుకమాట:
భేదం ఉందని ఒప్పుకుంటున్నాను. అయితే ఆ భేదాన్ని “నీళ్లు దిగే నేల”, “గాలాడే గుడ్డ”, “గాలి చొరని మూత” అని తెలుగువాళ్లు ఏనాడో చెప్పుకున్నారు. వీటిలో ఏది దాటుతుందో కూడా మాటలోనే ఉంది, గమనించండి. మీ పారగమ్యంలో అదే లోపించింది.

అక్షరపథికుడు:
నన్ను ఆపిన చిక్కు ఇదేనని ఇప్పుడు తెలిసింది. దేనికి పారగమ్యం అన్నది చెప్పకపోతే ఆ విశేషణం సగం మాటే. వినెగర్‌లో నానబెట్టి పెంకు కరిగించిన గుడ్డును మంచినీళ్లలో వేస్తే ఉబ్బుతుంది, చిక్కటి పంచదార పాకంలో వేస్తే సొట్టలు పడి ముడుచుకుంటుంది. నీరు ఇటూ అటూ దాటుతోంది, లోపలి తెల్లసొన మాత్రం బయటికి రావడం లేదు. అదే పొర నీటికి పారగమ్యం, తెల్లసొనలోని ప్రొటీనుకు అపారగమ్యం. 1748లో నోలే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పంది మూత్రాశయపు పొరతో చూసినదీ ఇలాంటిదే: సారాయి నింపిన పాత్ర మూతికి ఆ పొర కట్టి నీళ్లలో ముంచితే, నీరు లోపలికి చేరి పొర ఉబ్బింది.

“ఇంకే పొర” ఎందుకు కుదరదో కూడా ఇప్పుడు చెప్పగలను. ఇంకడం అంటే లోపలికి పోయి కనబడకుండా పోవడం. కన్నీళ్లు ఇంకిపోయాయంటాం, చెరువు ఇంకిపోయిందంటాం. ఆవలి వైపు తేలడం ఆ క్రియలో లేదు. పారగమ్యంలో అసలు సంగతి ఆ ఆవలి వైపే.

మట్టిపొర:
దానితోపాటు “అర్ధపారగమ్యం” అన్న మాటనూ ఒకసారి చూడండి. అందులోని “అర్ధ”ను చూసి, వచ్చినదానిలో సగం పోతుందని పిల్లలు అనుకుంటారు. పాక్షికం అన్నా అదే తంటా. ద్రావణిని (కరిగించుకునే ద్రవాన్ని) పోనిచ్చి ద్రావితాన్ని (అందులో కరిగిన పదార్థాన్ని) ఆపే పొర అని ఒకసారి విడమరిచి చెప్పి, ఆ తరువాతే పేరు పెట్టడం మేలు.

గాలిబుడగ:
వార్తల్లో కనిపిస్తున్న “పారగమ్య సరిహద్దులు” మాత్రం నాకు మింగుడుపడదు. కాపలా చాలని సరిహద్దు అంటే ఎవరికైనా తెలుస్తుంది.

అక్షరపథికుడు:
ఆ విషయంలో మీతో ఏకీభవిస్తాను. నా చిత్తుప్రతిలో “ఈ పొర నీటిని దాటనిస్తుంది, ఉప్పును ఆపుతుంది, ఇలా దాటనిచ్చే గుణాన్ని పారగమ్యత అంటారు” అని మార్చాను. తరువాతి పేరాల్లో పారగమ్యత అన్న మాటనే వాడాను.

వాడుకమాట:
మొదటి వాక్యం బాగుంది. రెండో సగం ఉండవలసిన అవసరం నాకింకా కనబడలేదు.