ఊక బాయిలర్ల మీద ముందు ఏ పరిశోధన జరగాలి?

ప్రశ్న (ఫైర్‌మన్, పెద్దపల్లి):
మాది బాయిల్డ్ రైస్ మిల్లు, బాయిలర్ నేనే చూస్తాను. వానాకాలం ఊక తడిస్తే చిమ్నీ నుంచి నల్లపొగ. పక్క వాడలో బట్టలు కూడా ఆరేసుకోలేరు, నాకదే టెన్షన్. ఇంజనీరింగ్ చదివేవాళ్లు చెప్పండి, మాలాంటి చిన్న బాయిలర్ల మీద పరిశోధన ఎక్కడ మొదలవ్వాలి?

జవాబు (థర్మల్ విద్యార్థి, హనుమకొండ):
అన్నా, ముందు గాలి. తక్కువైతే మసి, కార్బన్ మోనాక్సైడ్. ఎక్కువైతే వేడంతా చిమ్నీ పాలు. పొగలో ఆక్సిజన్ చూసి ఫ్యాన్‌ను సర్దే కంట్రోలర్లు పెద్ద ప్లాంట్లలో ఎప్పటినుంచో ఉన్నాయి. మనకు కావాల్సింది బూడిద దుమ్మును తట్టుకునే, మిల్లు కొనగలిగే సెన్సార్. తర్వాత తేమ. చిమ్నీకి పోయే వేడితోనే ఊకను ఆరబెట్టాలి. పొగ వేడి సుమారు 20 డిగ్రీలు తగ్గిస్తే బాయిలర్ సామర్థ్యం 1 శాతం దాకా పెరుగుతుంది.

జవాబు (కరీంనగర్):
బూడిదను వదిలేశారు! ఊక బరువులో దాదాపు ఐదో వంతు బూడిదే, అందులో ఎక్కువ సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. మంట మరీ వేడెక్కితే అది స్ఫటికంగా మారుతుంది, ఊపిరితిత్తులకు చేటు. ఎత్తిపోసే కూలీలకు మాస్కులైనా ఉండవు. వేడి అదుపులో ఉంటే అదే బూడిద కాంక్రీటుకు బలం. నా ఓటు దీనికే.

ఫైర్‌మన్:
తమ్మీ, మా తడి ఊక ఒక సంచి పంపితే మీ ల్యాబ్‌లో చూస్తారా?