కింది పాలకోరలు అంగిలికి గుచ్చుకుంటుంటే: తీయించాలా, ఆగాలా?

చిట్టితోక:
8 వారాల కుక్కపిల్ల. కిందిదవడ కాస్త పొట్టి. నోరు మూస్తే కింది పాలకోరలు రెండూ పైకోరల వెనక్కి పోయి అంగిలికి తగులుతున్నాయి, అక్కడ రెండు ఎర్రటి గుంటలు పడ్డాయి. పళ్ళు మారేటప్పుడు అదే సర్దుకుంటుందని బ్రీడరు, కోరలు తీయించాలని డాక్టరు. ఎవరి మాట వినాలి?

పాతకెన్నెల్:
ఆగండి. రెండు దవడలూ ఒకే వేగంతో పెరగవు. ఓవర్‌షాట్ పిల్లల్లో, అంటే పైదవడ కంటే కిందిదవడ పొట్టిగా ఉన్నవాటిలో, కిందిదవడ ఆలస్యంగా అందుకోవడం ఉన్నదే. ముందుపళ్ళ మధ్య సందు అగ్గిపుల్ల తలంత ఉంటే కంగారు అక్కర్లేదని పాతవాళ్ళ లెక్క. అంత పసిదానికి మత్తిచ్చి పళ్ళు పీకడం మరీ అతి. గుడ్డ పట్టుకుని లాగే ఆటలు మానిపించండి, చాలు.

పశుదంతం:
పాతకెన్నెల్ గారూ, అగ్గిపుల్ల లెక్క ముందుపళ్ళ సందుకి. ఇక్కడి గొడవ కోరలది. సరైన పట్టులో కింది కోర, పైదవడ చివరి ముందుపంటికీ పైకోరకీ మధ్య ఖాళీలో, దేన్నీ తాకకుండా కూర్చోవాలి. ఈ పిల్లకి అది పైకోర వెనక అంగిలిలో దిగింది, అంటే గొళ్ళెం పడింది. కిందిదవడ ముందుకి రావాలన్నా ఆ కోర రానివ్వదు. మీరు చెప్పిన ఆలస్యపు పెరుగుదలకి దారే లేదు.

శాశ్వత కోరలు వచ్చేది 5, 6 నెలలకి. అందాకా ఆగితే దవడ బాగా పెరిగే కాలమంతా గొళ్ళెంలోనే గడిచిపోతుంది. అందుకే తీయిస్తే 6 నుంచి 12 వారాల మధ్యే తీయించాలి. ఆ తర్వాత దవడకి దక్కే లాభం తక్కువ, నొప్పి మాత్రం తగ్గుతుంది.

టగ్ ఆటతో దవడ పొడవు మారదండీ. పళ్ళు మారే రోజుల్లో కదులుతున్న పన్ను పక్కకి ఒరగొచ్చు, అంతే.

పాతకెన్నెల్:
తీసేస్తే దవడ పెరుగుతుందని రాసిస్తారా?

పశుదంతం:
రాసివ్వను. పళ్ళు తీసినందుకు దవడ పెరగదు, అడ్డం పోతుందంతే. పొట్టిగా ఉండాలని జన్యువుల్లో ఉంటే పొట్టిగానే ఉంటుంది. కానీ అంగిలి గుంటపడి ఎర్రబడిందంటే తిన్న ప్రతిసారీ నొప్పే. దవడ పెరగకపోయినా ఆ ఒక్క కారణం చాలు.

మూతిపట్టీ:
మత్తెందుకు? గోళ్ళ కట్టర్‌తో మొన కత్తిరిస్తే సరిపోదా?

పశుదంతం:
దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. పాలకోర లోపల గుజ్జు మొనకి చాలా దగ్గర. కత్తిరిస్తే అది బయటపడుతుంది, చీము పడుతుంది, అది వేరు దాకా దిగి పక్కనే ఉన్న శాశ్వత పంటి మొగ్గని పాడుచేస్తుంది.

తీయించడంలోనూ ప్రమాదం ఉంది, ఆ మాట పాతకెన్నెల్ గారు అన్నది నిజమే. పాలకోర వేరు బయటికి కనబడే భాగం కంటే పొడవు, సన్నం, వంపు. తొందరపడితే విరుగుతుంది. కింది శాశ్వత కోర మొగ్గ నాలుకవైపు ఉంటుంది కాబట్టి అటునుంచి పరికరం దించకూడదు. మొగ్గకి దెబ్బ తగిలితే కొత్త పన్ను మచ్చలతో, పలచటి ఎనామిల్‌తో వస్తుంది. ముందు ఎక్స్‌రే, తర్వాత వేరు మొత్తం వచ్చిందో లేదో చూడటానికి మరో ఎక్స్‌రే తీస్తారా అని డాక్టర్ని అడగండి. తీయరంటే వేరే చోట చూసుకోండి. మత్తు ముందు పిల్లని రాత్రంతా పస్తు పెట్టొద్దు, రక్తంలో చక్కెర పడిపోతుంది. ఎన్ని గంటలు ఆపాలో డాక్టరు చెబుతారు. బల్లమీద ఒంటి వేడి తగ్గకుండా కూడా చూడాలి.

మూతిపట్టీ:
మరి రబ్బరు బంతి నమిలించే పద్ధతి?

పశుదంతం:
అది దవడ పొడవు సరిగ్గా ఉండి, శాశ్వత కింది కోరలు మాత్రం లోపలికి వాలినప్పుడు. రెండు కోరల మొనల మధ్య దూరం కంటే కొంచెం పెద్ద మెత్తటి బంతి, మింగలేనంతది, రోజుకి మూడుసార్లు 15 నిమిషాలు. కోర పైకోర వెనక ఇరుక్కుని ఉంటే బంతి పనిచేయదు.

కోడెకాపు:
అండర్‌షాట్‌కి, అంటే కిందిదవడే ముందుకి పొడుచుకొచ్చినవాటికి, లెక్క వేరని గుర్తుపెట్టుకోండి. ఆగితే సర్దుకోవడం అటుంచి, కిందిదవడ ఇంకా సాగి తేడా పెరగడమే ఎక్కువ. బాక్సర్, బుల్‌డాగ్‌లకైతే అదే జాతి లక్షణం. పైపళ్ళు కింది చిగురుని పొడవనంత వరకు ముట్టుకోనక్కర్లేదు.

పాతకెన్నెల్:
సరే, గుంట పడిందంటే తీయించడానికి నాకు అభ్యంతరం లేదు. గుంట లేకపోతే వారంవారం చూస్తూ ఆగమనే ఇప్పటికీ అంటాను. నోరు తెరిచి చూస్తే ఏం తెలియదు. మూసి ఉండగానే రెండువైపులా పెదవి ఎత్తి, ఎదురుగా ఒకటి, పక్కలనుంచి రెండు ఫొటోలు తీసి పోల్చుకోండి.

పశుదంతం:
గుంట లేకుండా తాకుతూ మాత్రమే ఉంటే వారం, పది రోజులు చూడొచ్చు, ఒప్పుకుంటాను. 12 వారాలు దాటనివ్వకండి. ఇంకొకటి: ఇలాంటి పిల్లతో పిల్లలు పెట్టించొద్దు, పళ్ళు తీసేసినా ఈ లోపం సంతానంలో దాగదు.

పాతకెన్నెల్:
అన్ని గుణాలూ ఉన్న వంశాన్ని ఒక్క కోర కోసం వదిలేయమంటే ఒప్పుకోను. దానికి వేరే చర్చ పెట్టండి.

చిట్టితోక:
గుంటలున్నాయి కాబట్టి తీయిస్తున్నాం. తర్వాత ఏం చూడాలి?

పశుదంతం:
చిగురు మానేదాకా మెత్తటి తిండి, గట్టి బొమ్మలు వద్దు. 4 నెలలు దాటాక వారానికోసారి నోరు చూడండి. పాల పైకోర ఊడకుండా పక్కన కొత్తది తొంగిచూస్తే పాలది వెంటనే తీయించాలి. పై శాశ్వత కోర పాలకోరకి ముందువైపు వస్తుంది, పాలది కదలకపోతే ఇంకా ముందుకి జరిగి కింది కోర కూర్చోవాల్సిన ఖాళీని మూసేస్తుంది. కొత్త కింది కోరలు కూడా అంగిలికే వస్తుంటే, అవి సగం పైకి వచ్చినప్పుడే చూపించండి.