నగోయాలో ఇజకాయకు నాన్నతో పోవచ్చా?

గుత్తిరోడ్డు:
మాది అనంతపురం. తమ్ముడు జపాన్‌లోని నగోయాలో పనిచేస్తాడు, వచ్చే నెల నేనూ నాన్నా వాడి దగ్గరికి పోతున్నాం. వాళ్ల వీధి చివర చిన్న ఇజకాయ (మందూ తిండీ రెండూ దొరికే జపాన్ కొట్టు) ఉందంట, ఒక సాయంత్రం అందరం అక్కడే తిందామని వాడు ఒకటే పట్టు. నేను బీరు తాగుతాను గానీ నాన్న మందు ముట్టరు. కోడి, చేప తింటారు, పంది, పెద్దకూర మాత్రం అస్సలు కుదరదు, పైగా మోకాళ్ల నొప్పి, కింద కూర్చోలేరు. మన ఊళ్లో అయితే నాన్నతో కలిసి బార్‌లో అడుగుపెట్టే మాటే లేదు, అందుకే టెన్షన్‌గా ఉంది. తాగనివాళ్లు కూర్చుంటే అక్కడ ఏమన్నా అనుకుంటారా? బిల్లు ఎట్ల వేస్తారు?

దేవునికడప:
నిశ్చింతగా తీసుకుపో అన్నా. అది మన బార్ లాంటిది కాదు, తిండికే సగంమంది వస్తారు. నాన్నగారికి ఊలాంగ్ టీ చెప్పు, ఎవరూ వింతగా చూడరు. అయితే మనిషికొక డ్రింక్ చెప్పడం మర్యాద, అది టీ అయినా సరే. కూర్చోగానే మీరు అడక్కుండానే చిన్న గిన్నెలో ఏదో ఒకటి తెచ్చి పెడతారు, దాన్ని ఒతోషి అంటారు. మామూలుగా తలకు 300 నుంచి 500 యెన్‌ల దాకా బిల్లులో పడుతుంది, చాలాచోట్ల అదే సీటు ఛార్జీ అనుకోవాలి, దాని గురించి వాదించొద్దు. నోమిహోదాయ్ అని గంటన్నరో రెండు గంటలో ఎంత తాగినా ఒకటే రేటు ఉంటుంది, దాని జోలికి పోవద్దు, ఎందుకంటే టేబుల్‌లో ఒకరు తీసుకుంటే అందరూ తీసుకోవాలంటారు, నాన్నగారి డబ్బు వృథా. టిప్పు ఇవ్వక్కర్లేదు. చిన్న కొట్లలో కార్డు తీసుకోకపోవచ్చు, నగదు పెట్టుకో. చాపల మీద కూర్చోబెట్టే చోట్లు ఉంటాయి కాబట్టి కుర్చీలు ఉన్నాయో లేదో తమ్ముణ్ణి ముందే కనుక్కోమను. సిగరెట్ సంగతి కూడా అడగమను. 2020 ఏప్రిల్ నుంచి హోటళ్ల లోపల నిషేధమే గానీ, అంతకుముందు నుంచీ ఉన్న చిన్న కొట్లకు మినహాయింపు ఉంది, వాటిలో ఇప్పటికీ తాగుతారు.

బురుజుకాడ:
తిండి సంగతి నేను చెప్తా. నగోయా అంటే తెబసాకి, కోడి రెక్కలు. పిండి పట్టించకుండా నూనెలో వేయించి, తియ్యగా ఉప్పగా ఉండే సాస్ పూసి, పైన మిరియాలపొడి, తెల్ల నువ్వులు చల్లుతారు. వేడిమీద చేత్తో పట్టుకుని, ఎముకను మెలితిప్పి లాగితే మాంసం మొత్తం ఊడొస్తుంది, నాన్నగారికి తప్పకుండా నచ్చుతుంది. ముందు ఎదమామే చెప్పండి, పచ్చి సోయా కాయలు ఉడకబెట్టి ఉప్పు చల్లి ఇస్తారు, మన ఉడకబెట్టిన శెనక్కాయల మాదిరే ఒలుచుకుని తినడమే. యాకితోరిలో (పుల్లకు గుచ్చి కాల్చే ముక్కలు) మోమో (తొడ ముక్క), నెగిమా (మధ్యలో ఉల్లికాడ పెట్టింది) కోడివే, కానీ బుతబరా అంటే పంది. గ్యోజాలోనూ (మాంసం కూరి మడిచిన కుడుములు) సాధారణంగా పందిమాంసమే ఉంటుంది. దోతెని అని ఎర్ర మిసోలో (పులియబెట్టిన సోయా ముద్ద) ఉడికించే వంటకం అక్కడ పేరుమోసింది, దాంట్లో పెద్దకూరో పంది పేగులో పడతాయి కాబట్టి వద్దు. ఏది చెప్పినా ముందు "బుతా" (పంది), "గ్యూ" (పెద్దకూర) ఉన్నాయా అని తమ్ముణ్ణి అడిగించండి.

గుత్తిరోడ్డు:
చాలా థ్యాంక్స్ ఇద్దరికీ, మనసు కుదుటపడింది. కారం దొరుకుతుందా? చివర్లో అన్నం లేకపోతే నాన్నకు తిన్నట్టుండదు.

బురుజుకాడ:
షిచిమి అడగండి, ఏడు దినుసుల కారప్పొడి. మన కారం ముందు అది చాలా తేలిక, ఇంటినుంచి చిన్న పొట్లం పెట్టుకోండి, కాకపోతే కొట్లో కాకుండా ఇంట్లో వాడుకోండి. అన్నానికి బాధ లేదు, అన్నం ముద్ద ఒనిగిరి గానీ, వేడి టీ పోసిన అన్నం ఒచాజుకే గానీ చివర్లోనే చెప్తారు. చేపముక్కతో ఇచ్చే ఒచాజుకే బాగుంటుంది.

దేవునికడప:
ఇంకొకటి అన్నా, తమ్ముడు ఆఫీసు నుంచి సైకిల్ మీద నేరుగా అక్కడికే వస్తాడేమో, రావద్దని చెప్పు. 2024 నవంబరు నుంచి తాగి సైకిల్ తొక్కినా శిక్షలు పెంచారు, మూడేళ్ల జైలో ఐదు లక్షల యెన్‌ల జరిమానానో పడొచ్చు. సైకిల్ ఇంట్లో పెట్టి నడిచి రమ్మను, ఎట్లాగూ వీధి చివరే కదా.