రిటైర్మెంట్ తర్వాత దూర ప్రయాణానికి తెరచాప పడవ: ముందు దేని మీద ఖర్చు పెట్టాలె?

ప్రశ్న, హన్మకొండ నుంచి:
అందరికీ నమస్తే. 33 అడుగుల ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ, 1986ల తయారైంది, ఒకటే మాస్ట్ (తెరచాప కట్టే నిలువు స్తంభం), 27 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్. ఇప్పుడు కొచ్చిల నీళ్లల్లకెళ్లి పైకి తీసి స్టాండు మీద పెట్టి ఉన్నది. పోయేది ఇద్దరమే, నాకు 61, మా ఇంటామెకు 57. జనవరిల కొచ్చి నుంచి మాల్దీవులు, అక్కడ కింది దాకా దిగి సీషెల్స్ పోవాలని ఆలోచన. చేతిల ఆరు నెలలున్నయి. రాడార్, సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే మెషిన్, లిథియం బ్యాటరీలు అని లిస్టు రాసుకున్న. మాస్ట్‌ను పట్టి నిలబెట్టే తీగలు మంచిగనే మెరుస్తున్నయి. ఇంట్ల రెండు 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలు ఖాళీగున్నయి, ప్రస్తుతానికి అవి పెట్టుకోవచ్చా? పని దేంతోని మొదలుపెట్టాలె?

మంచిర్యాల, మెరైన్ ఇంజనీర్:
సార్, మీ లిస్టు తలకిందులున్నది. రాడార్ లేకున్నా మాల్దీవులు పోవచ్చు, మాస్ట్ లేకుంటే పోలేరు. ముందు నీళ్లు లోపలికొచ్చే దారులు, తర్వాత మాస్ట్‌ను నిలబెట్టే సామాను, ఆ తర్వాత చుక్కాని, ఇంజన్. మీరు రాసిన మూడూ వీటన్నిటి వెనుక.

పడవ పైన ఉన్నప్పుడే అయ్యే పని సీకాక్‌లది, అంటే నీటిమట్టం కింది బొక్కలకు పెట్టే వాల్వులది. నీటిమట్టం కింద ఎన్ని బొక్కలున్నయో లెక్కపెట్టి కాగితం మీద గీయండి. ఇంజన్ చల్లార్చే నీళ్లకొకటి, టాయిలెట్‌కు రెండు, సింకుకొకటి, ఇట్ల ఐదారు తేల్తయి. ఒక్కో వాల్వును విప్పి లోపలి గోడను కత్తి మొనతోని గీకండి. పసుపుపచ్చగ మెరిస్తే బాగున్నట్టు. గులాబీ రంగు తేలిందంటే అది మామూలు ఇత్తడి, దాంట్ల జింకు ఉప్పునీళ్లల్ల కరిగిపోయి ఒట్టి రాగి గుల్ల మిగిలింది. చూపుకు నిండుగనే ఉంటది, కాలు తగిలితే పుటుక్కుమంటది. మన దగ్గర నల్లాలకు వాడే ఇత్తడి బాల్ వాల్వులు చవుక అని పెట్టుకోకండి. పడవకు కంచువి గానీ, డీజెడ్ఆర్ అనే జింకు కరగని రకం ఇత్తడివి గానీ కావాలె.

ఎందుకింత చెప్తున్ననంటే లెక్క చూడండి. 38 మిల్లీమీటర్ల బొక్క నీటిమట్టానికి 60 సెంటీమీటర్ల కింద ఉంటే నిమిషానికి దాదాపు 140 లీటర్లు లోపలికొస్తయి. డబ్బా మీద 2000 జీపీహెచ్ (గంటకు గ్యాలన్లు) అని రాసున్న కరెంటు పంపు లెక్క ప్రకారమే నిమిషానికి 126 లీటర్లు. పైపు మలుపులు, ఎత్తు, దిగిన బ్యాటరీ కలిసి దాన్ని సగానికి తెస్తయి. అంటే పంపు మీద భరోసా పెట్టుకుంటే మునుగుడే. ప్రతి సీకాక్ పక్కన దాని సైజుకు సరిపోయే మెత్తటి చెక్క బిరడా తాడుతోని కట్టి పెట్టండి. డబ్బాల దాస్తే చీకట్ల చేతికి దొరకదు. రబ్బరు పైపుకు రెండు క్లిప్పులు, స్క్రూతో సహా 316 స్టీలువి. చాలా క్లిప్పులల్ల పట్టీ స్టెయిన్‌లెస్సే, స్క్రూ మాత్రం మామూలు ఇనుము. అక్కడ్నే తెగుతది.

చుక్కానిని కింది నుంచి రెండు చేతులతోని పట్టి అటూ ఇటూ ఊపండి. టకటకమంటే బుష్షులు పోయినట్టు. అడుగున చిన్న బొక్క కొట్టి రాత్రంత వదిలేయండి, గోధుమరంగు నీళ్లు కారితే లోపలి స్టీలు ఫ్రేము తుప్పు పడుతున్నదని అర్థం. ఇంకో మాట, కొచ్చి బ్యాక్‌వాటర్ వానకాలంల దాదాపు మంచినీళ్లయితది. అట్లాంటి నీళ్లల్ల జింకు యానోడ్‌ల (పడవ లోహానికి బదులు తాము కరిగే ముక్కలు) మీద పొర కట్టి పనిచేయవు. పడవ అక్కడ్నే నిలిపేది ఉంటే అల్యూమినియం యానోడ్‌లు వేయించండి.

వానకాలం పోయేదాకా విప్పుడు, కొలుచుడు, సామాను తెప్పిచ్చుడు పెట్టుకోండి. ఎపాక్సీ, అడుగు రంగు అక్టోబర్ దాటినంక. తేమల వేసిన రంగు పెచ్చులూడుతది.

గోదావరిఖని, వెల్డింగ్ ఇన్‌స్పెక్షన్:
మాస్ట్ తీగల కన్నా ముందు ఆ తీగలు డెక్కు మీద పట్టుకునే పట్టీలు, చైన్‌ప్లేట్‌లంటరు, వాటిని బయటికి తీయాలె. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదనుకుంటం. దానికి పైన పలుచటి పొర ఒకటి ఉంటది, గాలి తగిలినన్ని రోజులే ఆ పొర నిలుస్తది. డెక్కు మందంల, సీలెంటు కింద, తడి ఉండి గాలి అందని జాగల పొర పోయి సూది మొనంత గుంటలు పడ్తయి, అక్కడికెళ్లి పగులు లోపలికి పాకుతది. పైన కనపడే భాగం అద్దం లెక్క ఉంటది. 1986 పడవకు ఇప్పటిదాకా తీయలేదంటే తీసి చూడాల్సిందే.

తీసినంక హన్మకొండకు తెచ్చుకోండి, కేరళ ఎక్స్‌ప్రెస్ ఎర్నాకుళంల ఎక్కితే వరంగల్‌లనే దిగుతరు. డై పెనెట్రెంట్ పరీక్ష, అంటే కంటికి కనపడని పగుళ్లను రంగుతోని బయటపెట్టే పరీక్ష, ఇంటి వరండల చేసుకోవచ్చు. క్లీనర్, ఎర్ర డై, తెల్ల డెవలపర్, మూడు స్ప్రే డబ్బాలు. మా దిక్కు వెల్డింగ్ సామాను అమ్మే దుకాణాలల్ల దొరుకుతయి.

ముందు పాత సీలెంటు, మురికి ప్లాస్టిక్ గీకుడుతోని తీయండి. గ్రైండరు పెట్టొద్దు, లోహం సాగి పగులు మూతి మూసుకపోతది. అసిటోన్‌తోని తుడిచి ఆరనియ్యండి. ఎర్ర డై కొట్టి 15 నిమిషాలు ఆగండి. మొదలు ఒట్టి బట్టతోని, తర్వాత క్లీనర్ అద్దిన బట్టతోని తుడవాలె. క్లీనర్‌ను పట్టీ మీద నేరుగ కొట్టుడే అందరు చేసే తప్పు, పగుల్లకు పోయిన రంగు కూడ కొట్టుకపోయి అంతా బాగున్నట్టే కనపడ్తది. ఆఖరికి తెల్ల డెవలపర్ పలుచగ కొట్టి పది నిమిషాలు చూస్తా ఉండండి. పిన్ను బొక్క అంచున, డెక్కును దాటే గీత దగ్గర సన్నటి ఎర్ర గీత మెల్లగ ఊరుతది. ఊరిందా, ఆ పట్టీ పక్కకు పెట్టండి. వెల్డింగ్ చేసి వాడుదమని మాత్రం అనుకోకండి.

కొత్తవి చేపిస్తే 316 ప్లేటు, మందం పాతదానికి తగ్గొద్దు. 304 అంటగట్టే అవకాశం ఉంది. అయస్కాంతంతోని ఈ రెండింటి తేడా తేలదు, 316ల మాలిబ్డినం ఉంటది, దానికి చుక్కల మందుతోని చేసే పరీక్ష వేరే ఉన్నది. కొనేటప్పుడు అక్కడ్నే చేపిచ్చుకోండి.

హన్మకొండ:
మస్తు ధన్యవాదాలు. కానీ తీగలు మెరుస్తున్నయి గదా, అవి కూడ మొత్తం మార్చాల్నా? మాస్ట్ దించుటానికి క్రేను ఖర్చే చాలా అయితదంటున్నరు.

జగిత్యాల, నేవీల చేసి వచ్చిన:
పెద్దన్నా, తీగ వయసు ఎంతో కాగితం మీద రుజువు లేకుంటే మార్చుడే. పదేండ్లకు మార్చాలని చాలా బీమా కంపెనీలు అడుగుతయి. పదిహేనేండ్ల మీద పోతే మీ ఇష్టం, మీ ప్రాణం. తీగ మధ్యల తెగదు, కొసకు నొక్కి బిగించిన గొట్టం, స్వేజ్ అంటరు, దాంట్లకు దూరే చోట తెగుతది. కింది కొసలల్ల నీళ్లు నిలుస్తయి గాబట్టి అవే ముందు పోతయి. టిష్యూ కాగితం పెట్టి తీగ పొడుగునా తుడవండి, పోగు తెగుంటే కాగితం చిక్కుకుంటది. చెయ్యి పెట్టి చూడకండి, కోస్తది.

316 స్టీలు, 1×19 అల్లిక (19 పోగులు కలిపి పేనిన) తీగ. మీ సైజుకు 6 లేదా 7 మిల్లీమీటర్లుంటది, కాలిపర్‌తోని కొలిచి తీసుకోండి. పై కొసలు స్వేజ్ చేపిచ్చి, కింది కొసలకు స్టా-లాక్ లాంటి మరతోని బిగించేవి వేయండి. రెండు పానాలు, ఒక హాక్సా ఉంటే నడి సముద్రంల కూడ వేసుకోవచ్చు. అన్నిట్లకెల్ల పొడుగు తీగకు సమానంగ ఒక స్పేర్ తీగ, నాలుగు టెర్మినల్స్ (ఆ మరతోని బిగించే కొసలు) వెంబడి ఉండాలె. కాటర్ పిన్ను (బిగించింది ఊడకుండ గుచ్చే రెండు కాళ్ల పిన్ను) కాళ్లు పూర్తిగ మడవొద్దు, 20 డిగ్రీలు విప్పితే చాలు, అవసరమప్పుడు పట్టకారుతోని గుంజితే వస్తది.

మాస్ట్ విరిగితే తీగలు కోసి వదిలేయాలె, లేకపోతే విరిగిన ముక్కనే అలలకు గుద్ది గుద్ది పడవకు బొక్క పెడ్తది. 2018 గోల్డెన్ గ్లోబ్ రేసుల అభిలాష్ టోమీ పడవ తుఫానుల బోర్ల పడి మాస్ట్ విరిగింది, ఆయన నడుముకు దెబ్బ తాకి లేవలేకపోయిండు. కోసే సామాను ఎక్కడున్నదో ఇద్దరికీ తెలిసుండాలె. పెద్ద బోల్ట్ కట్టర్ ఒకటి, హాక్సా బ్లేడ్లు ఇరవై.

తెరచాప బట్ట కన్నా కుట్టు ముందు పోతది, ఎండకు దారం పొడైతది. గోరుతోని గట్టిగ గీకండి, దారం తెగితే మొత్తం కుట్టించాలె. పెద్ద చాపకు మూడో రీఫు (గాలి ఎక్కువైతే చాపను చిన్నగ చేసే కట్టు) లేకుంటే ఇప్పుడే పెట్టించండి.

కరీంనగర్, సోలార్ పనులు:
ఇన్వర్టర్ బ్యాటరీల ముచ్చట. వద్దంటే వద్దు. ఇంట్ల అవి కదలకుండ నిలబడే సామాను. పడవ 25, 30 డిగ్రీలు ఒరిగి గంటలకొద్దీ అట్లనే పోతది, మూతలల్లకెళ్లి యాసిడ్ కారుతది. అడుగున ఉప్పునీళ్లు బ్యాటరీలకు తగిలితే క్లోరిన్ గ్యాస్ పుడ్తది, మూసిన గదిల అది విషం. ఏజీఎం (యాసిడ్ ఒలకని సీల్డ్ సీసం బ్యాటరీ) గానీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ గానీ తీసుకోండి. సీసం బ్యాటరీల సగమే వాడాలె, లిథియంల 80 శాతం దాకా వాడుకోవచ్చు. కానీ లిథియం పెడితే ఆల్టర్నేటర్ (ఇంజన్‌తోని తిరిగి కరెంటు ఇచ్చేది) నుంచి నేరుగ ఇయ్యొద్దు, అది ఎంతిస్తే అంత గుంజుతది, ఆల్టర్నేటర్ వేడెక్కి కాలుతది. నడుమ డీసీ-డీసీ ఛార్జర్ ఉండాలె.

రోజు ఖర్చు ఇట్ల లెక్కేసుకోండి, 12 వోల్టుల మీద: ఫ్రిజ్ 50 ఏహెచ్, ఆటోపైలట్ 50, రేడియో, ఏఐఎస్ (ఓడలు ఒకదానికొకటి కనపడేటట్టు జాడ పంపే పరికరం), ప్లాటర్ (మ్యాపు చూపే తెర) కలిపి 30, లైట్లు 5. మొత్తం 135. వంద వాట్ల ప్యానెల్ మన ఎండల కూడ, తాడు నీడలు, మబ్బులు పోను రోజుకు 30 ఏహెచ్ ఇస్తదనుకోండి. 400 వాట్లు పెట్టినా కొద్దిగ కొరతే. అందుకే కరెంటు లేకుండ గాలి రెక్కతోని చుక్కాని తిప్పే విండ్‌వేన్ కొంటే ఆ 50 మిగుల్తది, ఇద్దరే ఉన్న పడవల రాత్రి నిద్ర కూడ దొరుకుతది. వైర్లు తగరం పూత పూసినవే వేయాలె. ఇంటి వైరు రాగి ఉప్పుగాలికి లోపల్లోపల్నే నల్లగైతది.

మంచిర్యాల, మెరైన్ ఇంజనీర్:
ఇంజన్ గురించి ఒక్కటే గట్టిగ చెప్త, డీజిల్ ట్యాంకు. ఏండ్లకొద్దీ అడుగున పేరుకున్న మడ్డి, నీళ్లు ఒడ్డున ఉన్నప్పుడు కదలవు. అల మీద ఊగినప్పుడు లేచి ఫిల్టరుకు అడ్డం పడ్తయి. అలలు లేచేది హార్బర్ మూతి దగ్గర, ఇంజన్ కావాల్సింది గూడ అక్కడ్నే. ట్యాంకు తెరిచి చేత్తోని తుడిచి కడగండి. నీళ్లు వేరుచేసే ఫిల్టర్లు రెండు పక్కపక్కన పెట్టి నడుమ వాల్వు పెట్టిస్తే, ఒకటి మూసుకుంటే ఇంజన్ ఆపకుండ రెండోదానికి తిప్పొచ్చు. వెంబడి తీసుకపోయేవి: ఫిల్టర్లు ఒక్కో రకం ఆరు, ఇంపెల్లర్లు (చల్లార్చే నీళ్ల పంపుల తిరిగే రబ్బరు రెక్కలు) మూడు, బెల్టులు రెండు. డీజిల్ పైపుల గాలి పట్టినప్పుడు దాన్ని బయటికి తీసుడు (బ్లీడ్ చేసుడు) ఇద్దరూ కండ్లు మూసుకొని చేసేటట్టు రావాలె. గంటకు రెండున్నర నుంచి మూడు లీటర్లు తాగుతది, దాన్ని బట్టి డబ్బాలు.

హన్మకొండ:
మా ఇంటామె అడుగుతున్నది, గ్యాసు, నీళ్లు, తిండి సంగతేంది?

జగిత్యాల, నేవీల చేసి వచ్చిన:
వదినమ్మకు నమస్తే. వంటగ్యాసు గాలి కన్నా బరువు, లీకైతే పడవ అడుగుకు దిగి అక్కడ్నే ఉంటది, ఇంజన్ స్టార్ట్ చేస్తే ఒక్క నిప్పురవ్వ చాలు. సిలిండర్‌ను లోపల పెట్టొద్దు. కింద బొక్క ఉండి బయటికి పోయే వేరే పెట్టెల ఉండాలె. వంట కాంగనే సిలిండర్ దగ్గర్నే బంద్ చేయాలె. ప్రెషర్ కుక్కర్ మంచిది, విజిల్ పెట్టకున్నా మూత బిగుసుకుంటది, ఒలికిపోదు. సత్తుపిండి, అటుకులు, చింతపండు తొక్కు, సకినాలు పోతయి. కారప్పొడి చిన్న చిన్న సీసాలల్ల, పెద్ద డబ్బాల పోస్తే తేమకు బూజు పడ్తది. అట్టపెట్టెలు మాత్రం ఒక్కటి కూడ పడవెక్కొద్దు, బొద్దింక గుడ్లు వాటి మడతలల్లనే ఉంటయి.

నీళ్లు మనిషికి రోజుకు ఐదు లీటర్లు, తాగుటానికి, వండుటానికి కలిపి. మాల్దీవులల్ల కిందనున్న గన్ నుంచి సీషెల్స్ మాహే దాదాపు 1,090 నాటికల్ మైళ్లు, ఐదు నాట్ల (గంటకు ఐదు నాటికల్ మైళ్ల) వేగం మీద తొమ్మిది రోజులు. రెండింతలు అనుకోండి, 18 రోజులకు ఇద్దరికి 180, పైన మూడోవంతు, 240 లీటర్లు. అన్నీ ఒకే ట్యాంకుల పోయకండి, ఒకటి చెడితే అంతా చెడ్తది. మంచినీళ్లు చేసే మెషిన్ ఉన్నా ఈ 240 ఉండాల్సిందే.

దారి గురించి: కొచ్చి నుంచి మాల్దీవులల్ల పైనున్న ఉలిగన్ సుమారు 260 నాటికల్ మైళ్లు, జనవరిల ఈశాన్య గాలి వెనుక, పక్క నుంచి వస్తది, రెండున్నర రోజుల పని. నడుమ శ్రీలంక కింది నుంచి మినికాయ్ దిక్కు వచ్చే ఓడల బాట అడ్డం దాటాలె. రాడార్ కన్నా ముందు ఏఐఎస్ ట్రాన్స్‌పాండర్ కొనమనేది అందుకే, మీరు వాళ్లకు కనపడాలె. కేరళ ఒడ్డున రాత్రి వలలు ఉంటయి, చీకట్ల బయల్దేరకండి. గన్ దాటంగనే సీషెల్స్ పోదామంటే మాత్రం కాదు. మార్చి దాకా భూమధ్యరేఖ కింద పడమటి గాలులు, జడివానలు, ఎదురుగ్గ కొట్టుకుంట పోవాలె. ఆగ్నేయ గాలి కుదిరేది మే నెలల. అప్పటిదాకా మాల్దీవులల్లనే ఉండే లెక్కల ఖర్చు, వీసా చూసుకోండి.

శాటిలైట్ ఫోన్ బయటి దేశం నుంచి తెప్పిచ్చుకోకండి. ఇరిడియం, తురాయా ఫోన్లు, శాటిలైట్ మీద మెసేజులు పంపే చేతి పరికరాలు మన దేశంల టెలికాం శాఖ అనుమతి లేకుండ ఉంచుకుంటే కేసు అయితది. 406 మెగాహెర్ట్జ్ ఈపర్బ్ బీకన్ (ఆపదల శాటిలైట్‌కు మన జాడ పంపే పరికరం) కొని, ఇస్రో నడిపే బెంగళూరు కేంద్రంల రిజిస్టర్ చేయించండి. కోస్ట్ గార్డ్ నంబరు 1554, రేడియో పక్కన రాసి పెట్టండి.

హన్మకొండ:
వచ్చే వారం కొచ్చి పోతున్న. మాస్ట్ దించి చైన్‌ప్లేట్‌లు తీసుకొస్త. తీసేటప్పుడు ఏమన్న జాగ్రత్త?

గోదావరిఖని, వెల్డింగ్ ఇన్‌స్పెక్షన్:
ప్రతి పట్టీ మీద, అది తీసిన జాగల టేపు వేసి ఒకటే నంబరు రాయండి, ఏది పై దిక్కో బాణం గీయండి. ఆకారం ఒక్కతీరు కనపడ్తయి, కానీ ఒంపు ఒక్కోదానికి ఒక్కోటి. బోల్టులు కూడ అదే సంచిల. తీసినంక డెక్కు బొక్కల లోపల స్క్రూడ్రైవర్‌తోని పొడిచి చూడండి, చెక్క మెత్తగ దిగితే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఆ పని పట్టీ కన్నా పెద్దది.