క్షారమృత్తిక లోహాలు: ఇందులో మట్టి ఎక్కడుంది?

మా అమ్మాయి పదో తరగతి, తెలుగు మీడియం. ఆవర్తన పట్టికలో రెండో గ్రూపు చదువుతూ, "నాన్నా, కాల్షియం, మెగ్నీషియం మట్టిలో దొరుకుతాయనా మృత్తిక అన్నారు? మరి ఇనుమూ మట్టిలోదేగా?" అని అడిగింది. నాకు జవాబు తట్టలేదు. పెద్దలెవరైనా చెప్తారా?

*

అమ్మాయి అనుమానం న్యాయమైందండీ. మట్టిలో దొరకడం కారణం కాదు. ఎంత కాల్చినా కరగకుండా, నీళ్లలో దాదాపు కలవకుండా ఉండే పొడులను పాతకాలపు ఐరోపా రసాయనజ్ఞులు 'ఎర్త్' అనేవారు, మన మృత్తిక ఆ మాటకు అనువాదమే. సున్నం (కాల్షియం ఆక్సైడు), మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడు), అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడు) అన్నీ ఆ లెక్కలోవే. సున్నం కరగాలంటే 2,500 డిగ్రీలు దాటాలి, ఆనాటి కొలుములకు అది అందని వేడి. 1789లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు లవోయిజర్ వేసిన మూలపదార్థాల జాబితాలో సున్నం కూడా ఉంది. 1808లో ఇంగ్లండు రసాయనజ్ఞుడు హంఫ్రీ డేవీ విద్యుత్తుతో కాల్షియాన్ని విడదీశాకే సున్నంలో లోహం దాగుందని తేలింది. కాబట్టి మృత్తిక అన్న పేరు అసలు లోహానిది కాదు, దాని ఆక్సైడుది.

క్షారమంటారా, అది మన వంటింటి మాటే. అప్పడాల పిండిలో వేసే పాపడఖారంలోని ఖారం ఇదే. ఇంగ్లీషు ఆల్కలీకి మూలమైన అరబ్బీ మాటకు మొక్కల బూడిద అని అర్థం. మన ఆయుర్వేదంలో యవక్షారమూ యవల మొక్కను కాల్చిన బూడిదలోంచి తీసేదే.

పాపకు ఒక్కసారి సున్నం తడపడం చూపించండి, దూరంగా నిలబెట్టి. కాల్చిన సున్నపురాళ్ల మీద నీళ్లు పోయగానే బుస్సుమని ఆవిరి లేస్తుంది, రాళ్లు పగిలి కుతకుత ఉడుకుతాయి. మర్నాటికి అడుగున తెల్లటి ముద్ద, పైన తేట. ఆ తేటలో ఎర్ర లిట్మస్ కాగితం ముంచితే నీలమవుతుంది. అడుగున మృత్తిక, పైన క్షారం. పేరు మొత్తం ఒక్క కుండలోనే కనిపిస్తుంది.

ఇంకో సంగతి నాకెంతో ఇష్టం. ఈ పేరు గ్రూపులో అందరికీ ఒకేలా అతకదు. పైనున్న బెరీలియం ఆక్సైడు ఆమ్లంతోనూ క్షారంతోనూ చర్య జరుపుతుంది, దాన్ని క్షారమనడం కష్టం. మెగ్నీషియం హైడ్రాక్సైడు నీళ్లలో కరిగీ కరగనట్టుంటుంది. కాల్షియానిది లీటరుకు సుమారు 1.7 గ్రాములు కరుగుతుంది, బేరియానిది దానికి ఇరవై రెట్ల పైనే. గ్రూపులో కిందికి దిగేకొద్దీ లోహపు అయాను (విద్యుదావేశమున్న పరమాణువు) పెద్దదై, హైడ్రాక్సైడు మీద దాని పట్టు సడలుతుంది. క్షారం అన్న మాట మెట్టు మెట్టుకీ నిజమవుతూ వస్తుంది.

*

సార్, మాది కడప వైపు. మంగంపేట ముగ్గురాయి బేరియందేనంటారు. అది నీళ్లలో కరగదు కదా?

*

కరగదమ్మా, ఎందుకంటే అది సల్ఫేటు. సల్ఫేట్ల వరస హైడ్రాక్సైడ్లకు సరిగ్గా తలకిందులు. మెగ్నీషియందైన భేదిఉప్పు గ్లాసు నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది, బేరియం సల్ఫేటు కరగనే కరగదు. బేరియం అయాన్లు విషమైనా, ఎక్స్‌రే తీసేముందు దీన్ని తాగించగలిగేది అందుకే. సల్ఫేటు అయాను ముందే చాలా పెద్దది, పక్కనున్న లోహపు అయాను కాస్త పెరిగినా స్ఫటికం పట్టులో పెద్ద తేడా రాదు. నీళ్లు ఆ అయాన్లను లాగే బలం మాత్రం కిందికి వచ్చేకొద్దీ తగ్గిపోతుంది.

మీ ముగ్గురాయి ముక్క చేతిలో పెట్టుకుని చూశారా? అంతే సైజు నీళ్లకు నాలుగున్నర రెట్లు తూగుతుంది. బేరియం పేరు కూడా గ్రీకులో బరువైనది అనే అర్థమున్న 'బరుస్' నుంచే వచ్చింది. వినగానే మన 'బరువు' గుర్తొస్తుంది కానీ, దాంతో చుట్టరికం కలపకండి. బరుస్‌కు మన వైపున్న తోబుట్టువు సంస్కృతంలోని 'గురు'.