బిన్సర్‌లో కనిపించిన బూడిద రంగు తల చిలుక ఏ జాతిది?

అడవిదారి:
గత జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని అల్మోరా దగ్గరున్న బిన్సర్ అభయారణ్యానికి వెళ్ళినప్పుడు, ఓక్ చెట్ల మీద వాలిన ఒక చిలుకల గుంపును బైనాక్యులర్స్‌తో చాలాసేపు చూడగలిగాము. వాటి తల ముదురు బూడిద రంగులో ఉంది, దాని చుట్టూ సన్నని నల్ల పట్టీ ఉంది. గుంపులో కొన్నింటికి మాత్రం తల పచ్చగానే ఉండి, పట్టీ అసలు లేదు. మన నల్లమలలో కనిపించే ప్లమ్‌హెడెడ్ పారాకీట్‌లో ఆడపిట్ట తల కూడా బూడిద రంగే కాబట్టి, ఇది అదేనా, వేరే జాతా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. పైగా జనవరిలో అక్కడికే వెళ్ళివచ్చిన మా బంధువులకు ఒక్క చిలుకైనా కనిపించలేదట. దానికి కారణం ఏమై ఉంటుంది?

తొర్రపిట్ట:
మీ వర్ణనను బట్టి అది స్లేటీహెడెడ్ పారాకీట్. పాకిస్తాన్ కొండల నుంచి కశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్, నేపాల్ మీదుగా భూటాన్ దాకా హిమాలయాల వాలులే దీని నివాసం. నల్లమలలో ఇది ఉండదు.

తల రంగు ఒక్కటే చూస్తే ఎవరైనా తికమకపడతారు. ప్లమ్‌హెడెడ్ ఆడపిట్టకు తల నీలం కలిసిన లేత బూడిద రంగులో ఉంటుంది, మెడ చుట్టూ నల్ల పట్టీకి బదులు పసుపు ఛాయ ఉంటుంది, తోక చివర తెల్లగా ఉంటుంది. మీరు చూసిన పిట్ట దానికంటే పెద్దది. తోకతో కలిపి సుమారు 40 సెంటీమీటర్ల పొడవుంటుంది. గడ్డం కింద నలుపు, ఎర్రని పై ముక్కు, పసుపు రంగు కింది ముక్కు, అన్నిటికంటే ముఖ్యంగా తోక చివర స్పష్టమైన పసుపు దీని గుర్తులు. రెక్క పైభాగంలో ముదురు ఎరుపు మచ్చ ఉంటే మగది, లేకపోతే ఆడది. ఇక పచ్చ తలలవి ఆ ఏడాది పిల్లలు. మార్చి నుంచి మే వరకు గూళ్ళ కాలం కాబట్టి, జూన్‌లో కొత్తగా ఎగరడం నేర్చిన పిల్లలు తల్లిదండ్రులతో కలిసి గుంపులో తిరగడం సహజమే.

లోయగాలి:
జనవరి సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఈ చిలుక జీవితంలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా తోచేది అదే. ఇది దూరదేశాలకు వలసపోదు, కొండ వాలు మీదే కిందికీ పైకీ మారుతుంది. వేసవిలో సుమారు 2,400 మీటర్ల ఎత్తు వరకు అడవుల్లో గడిపి, చలి మొదలయ్యేసరికి, అంటే దాదాపు అక్టోబరు చివరికి, గుంపులు గుంపులుగా లోయల్లోకి దిగిపోతుంది. వసంతంలో మళ్ళీ పైకి చేరుతుంది. బిన్సర్ శిఖర ప్రాంతం దాదాపు 2,400 మీటర్ల ఎత్తులో ఉంటుంది, చలికాలంలో అక్కడ మంచు కురుస్తుంది. మీ బంధువులు బాగేశ్వర్ దగ్గర సరయూ లోయ లాంటి తక్కువ ఎత్తు ప్రాంతాల్లో వెతికి ఉంటే ఫలితం వేరుగా ఉండేదేమో. అయితే ఒక చిక్కుంది: హిమాలయ పాదప్రాంతాల్లో ప్లమ్‌హెడెడ్ కూడా ఉంటుంది కనుక, కిందికి వెళ్ళేకొద్దీ తోక చివర చూడకుండా పేరు రాసుకోవడం మంచిది కాదు.

అక్రోటు:
ఉద్యోగరీత్యా కులూలో ఉంటున్నాను. పై వివరణ సరైనదే కానీ, ఈ పిట్టలన్నీ ఒకే రోజున మూటాముల్లె సర్దుకుని దిగిపోతాయని అనుకోవద్దు. మధ్యస్థ ఎత్తుల్లో కొన్ని ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి. ఓక్ కాయలు, పైన్ కాయల్లోని గింజలు, దేవకాంచనం పూలు, అడవి పండ్లు వీటి సహజమైన ఆహారం. తోటలు కాపుకొచ్చినప్పుడు ఆపిల్, పియర్, అక్రోటు చెట్లనూ వదలవు. ఒక కాలితో కాయను పట్టుకుని, రెండు మూడు చోట్ల కొరికి, సగం తినకుండానే కింద పడేసి మరొకటి అందుకుంటాయి, అందుకే తిన్నదానికంటే పాడైనదే ఎక్కువని రైతులు వాపోతారు. వారి కోపం అర్థం చేసుకోదగినదే, కానీ నష్టం ఆపడానికి వలలు, శబ్దాలే సరైన మార్గమని నా అభిప్రాయం. తొర్రలున్న ముసలి చెట్లను కొట్టేస్తే మాత్రం ఈ చిలుకలకు పెద్ద దెబ్బ తగులుతుంది. ఇవి నాలుగైదు గుడ్లు పెట్టేది తొర్రల్లోనే; వడ్రంగిపిట్ట తొలిచి వదిలేసిన తొర్రనైనా వాడుకుంటాయి గానీ, పుల్లలు పేర్చి గూడు కట్టుకోవు.

అడవిదారి:
ఫోటోలు మళ్ళీ పెద్దవి చేసి చూశాను. తోక చివర పసుపే, పై ముక్కు ఎరుపే. అందరికీ ధన్యవాదాలు. వచ్చే శీతాకాలంలో అరుణాచల్ వెళ్ళే ఆలోచన ఉంది, అక్కడా ఇదే కనిపిస్తుందా?

తొర్రపిట్ట:
తూర్పు వైపు జాగ్రత్తగా చూడండి. ఈశాన్య కొండల నుంచి ఆగ్నేయాసియా దాకా గ్రేహెడెడ్ పారాకీట్ అనే మరో జాతి ఉంది. దీన్ని ఒకప్పుడు స్లేటీహెడెడ్‌లో ఉపజాతిగానే లెక్కించేవారు. అది కాస్త చిన్నది, తల రంగు కొంత లేతగా ఉంటుంది, తోక చివర ఇంత నిండైన పసుపు కనిపించదు. అక్కడ కూడా వీలైతే తోక చివర స్పష్టంగా పడేలా ఫోటో తీయండి.