శక్తిమాన్ చూసి దెబ్బలు తగిలించుకున్నవాళ్లు ఉన్నారా?

గోదారోడు: శక్తిమాన్ టీషర్టులు, మీమ్‌లు మళ్లీ తెగ తిరుగుతున్నాయి. అందరూ "ఆ రోజులే వేరు" అనేవాళ్లే. ఆ రోజుల్లో విరిగిన చేతుల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. 1997 సెప్టెంబర్ నుంచి 2005 మార్చి దాకా డీడీలో వచ్చిన, గిరగిరా తిరిగి గాల్లోకి ఎగిరే సూపర్‌హీరో సీరియల్ అది. మా పిన్ని కొడుకు మెడకు తువ్వాలు కట్టుకుని, గిరగిరా తిరిగి పిట్టగోడ మీంచి దూకాడు. కింద ఇసక ఉండబట్టి మోచేతితో పోయింది. ఇప్పటికీ ఆ చెయ్యి పూర్తిగా చాపలేడు. మీ ఇళ్లలో ఇలాంటివి జరిగాయా?

గంగాధర్_భక్తుడు: శక్తిమాన్‌కి వెనక గుడ్డ ఉండదు బ్రో. మీవాడు సూపర్‌మ్యాన్‌ని చూసి దూకుంటాడు. అనవసరంగా మా హీరో మీద వేయకు.

గోదారోడు: చెయ్యి విరిగిందిరా బాబూ అంటే గుడ్డ గురించి మాట్లాడతావేంటి! సూపర్‌మ్యాన్ గిరగిరా తిరిగాడా ఎప్పుడైనా? ఇంకో సంగతి చెప్పనా, ఆ దూకినవాడే ఇప్పుడు ఒక శక్తిమాన్ ఫ్యాన్ గ్రూపుకి అడ్మిన్. చెయ్యి గురించి ఎవరైనా అడిగితే సైకిల్ మీంచి పడ్డానంటాడు.

రిటైర్డ్ టీచర్: పిల్లలు ఒంటికి నిప్పంటించుకున్నారనీ, మేడ మీంచి దూకారనీ, శక్తిమాన్ వచ్చి కాపాడతాడని ఎదురుచూశారనీ అప్పట్లో పేపర్లలో వార్తలు వచ్చేవి. అందులో ఎన్ని నిజమో చెప్పడం కష్టం. మా బడిలో మాత్రం పిల్లలు తిరిగి తిరిగి కళ్లు తిరిగి పడి, బెంచీ అంచులకు నుదురు చిట్లించుకునేవాళ్లు. ప్రేయర్‌లో హెడ్మాస్టరు గారు "అదంతా కెమెరా మాయ" అని చెప్పాల్సొచ్చింది. ఇలాంటివి చేయొద్దని సీరియల్లో కూడా చెప్పేవారు. ఎపిసోడ్ చివర మంచి మాటల ముక్క ఒకటి ఉండేది, అందులో తప్పు చేసిన పిల్లల చేత "సారీ శక్తిమాన్" అనిపించేవారు. అయితే అదంతా హిందీలోనే. మాది ఏజెన్సీ పక్క ఊరు, పిల్లలకు హిందీ ఒక్క ముక్క రాదు. ఎగరడం బొమ్మలో కనిపిస్తుంది కాబట్టి అందరికీ ఎక్కింది. వద్దన్న మాట ఎవరికి చేరింది? ఆ ముక్క వచ్చేసరికి సగం మంది లేచి ఆటకి పోయేవాళ్లు.

గంగాధర్_భక్తుడు: అవన్నీ పుకార్లు సార్. శక్తిమాన్‌గా వేసిన ముకేశ్ ఖన్నా గారే చెప్పారు. పిల్లల్ని చూసుకోవలసింది తల్లిదండ్రులు.

బెజవాడ టు టోక్యో: 1997లోనే డిసెంబర్ 16న జపాన్‌లో పోకెమాన్ అనే కార్టూన్ సీరియల్ ఎపిసోడ్ ఒకటి చూసి 685 మంది పిల్లలు ఆస్పత్రుల పాలయ్యారు. ఎరుపు, నీలం వెలుగులు సెకనుకు 12 సార్లు మెరిసే సీను అది. కొందరికి ఫిట్స్ వచ్చాయి. రాత్రి వార్తల్లో అదే సీను మళ్లీ వేస్తే ఇంకొంతమంది పడిపోయారు! అక్కడ తల్లిదండ్రులదే తప్పని ఊరుకోలేదు. సీరియల్ నాలుగు నెలలు ఆపేశారు, మెరుపులు ఎంతవరకు ఉండొచ్చో టీవీ సంస్థలు రూల్స్ పెట్టుకున్నాయి. ఫ్యాన్స్ మాత్రం అక్కడా అంతే. ఆ వెలుగు నిజానికి అందులో ముఖ్యమైన బొమ్మ పికాచూ వదిలిన మెరుపు వల్ల వచ్చింది, బలైంది పోరిగాన్ అనే ఇంకో బొమ్మ. అది మళ్లీ సీరియల్లో ముఖ్యపాత్రగా రాలేదు. పాతికేళ్లుగా "పోరిగాన్‌కి న్యాయం చేయండి" అని మీమ్‌లు. ఆ రాత్రి ఆస్పత్రిలో ఉన్న పిల్లల గురించి ఒక్క మీమ్ చూడలేదు నేను.

శ్రావణమేఘం: నా అనుభవం సీరియల్‌తో కాదు, ఫ్యాన్స్‌తో. 2022 ఆగస్టులో ముకేశ్ ఖన్నా అమ్మాయిల గురించి వీడియోలో అన్న మాటలకి ఢిల్లీ మహిళా కమిషన్ పోలీసులకు నోటీసు పంపింది కదా. ఆ వార్తని ఒక నోస్టాల్జియా గ్రూపులో పెట్టి, "చిన్నప్పుడు ఈయన దగ్గరే మంచీచెడ్డా నేర్చుకున్నాం, ఇప్పుడేంటిలా" అని ఒక్క వాక్యం రాశా. అంతే. ఇన్‌బాక్స్ నిండా బూతులు, నా ప్రొఫైల్ ఫొటో తీసి సీరియల్లో విలన్ కిల్విష్ మొహం అతికించి గ్రూపులో తిప్పారు. అందరూ ముప్పై దాటినవాళ్లే, కొందరి డీపీలో సొంత పిల్లలు. పాత్ర మీద ఇష్టం ఉంటే నటుడు ఏమన్నా మొయ్యాలా?

గోదారోడు: దారుణం అక్కా. అడ్మిన్లకి చెప్పారా?

శ్రావణమేఘం: చెప్పా తమ్ముడూ. "మీరే బాల్యాన్ని అవమానించారు" అని నన్నే తీసేశారు. ఫొటో రిపోర్ట్ కొడితే అది పోయింది. గ్రూపు మాత్రం పేరు మార్చుకుని నడుస్తోంది, మగ్గులు కూడా అమ్ముతున్నారు.